పంపేది ఒకరు, పిలిచేది ఒకరు

ఆయన "ఉస్కో" అన్నాడు. ఎర్ర కుక్క చెరకులోకి దూరింది. కాసేపటికి లోపలి నుంచి అరుపు వినిపించింది. అది పంది అరుపు కాదు, మనిషిది.

గట్టు మీద నలుగురం నిలబడి ఉన్నాం. ఆయన, ఆయన భార్య, తోట యజమాని, నేను. ఆమె నోరు తెరిచింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. గొంతులోంచి గాలి తప్ప మరేమీ రాలేదు. అంతకు కొద్ది వారాల ముందే ఆమెకు గొంతు ఆపరేషన్ అయింది. దాంతో మాట పోయింది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అందరికంటే బాగా ఆయనకే తెలుసు. అయినా కుక్కను పంపాడు.

అప్పుడు ఆయన రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టి, "తో... తో..." అని పిలిచాడు. పదిహేనేళ్ళ పరిచయంలో ఆయన నోటి వెంట ఆ పిలుపు నేను వినలేదు. చెరకు ఆకు కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. కుక్క బయటికి రాలేదు. ఈలోగా ఆమె కొంగు నడుముకు బిగించి గట్టు దిగి చెరకులోకి పరుగెత్తింది.

బయటికి వచ్చేటప్పుడు ఆమె ఒక చేయి కుక్క మెడ చుట్టూ ఉంది. రెండో చేతికి ఒక మనిషి ఆనుకుని కుంటుతూ వస్తున్నాడు. సరిహద్దు అవతలి నుంచి చెరకు కోతకు వచ్చిన మరాఠీ కూలీ. పిక్క నుంచి మడమ దాకా నెత్తురు. కోత నడుస్తుండగా నీడ కోసం నిలిచి ఉన్న చెరకులోకి పోయి పడుకున్నాడట. అతను లోపల ఉన్నాడని మాలో ఎవరికీ తెలియదు.

కోత చివరి దశలో ఉన్న తోటను చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. నాలుగు వైపుల నుంచీ నరుక్కుంటూ వస్తారు. అడవి పందులు, నక్కలు, పాములు అన్నీ మధ్యకు జరుగుతూ పోతాయి. ఆఖరున ఒక పట్టీ చెరకు మిగులుతుంది. తోటలో దాగిన ప్రతి ప్రాణీ దాంట్లోనే ఉంటుంది. ఆ రోజు ఒక పంది ఆ పట్టీ అంచుకు వచ్చి మూతి చూపించి వెనక్కి పోయింది. యజమాని "అగో, అగో!" అని కేక పెట్టాడు. ఆయన నోట "ఉస్కో" అన్న మాట వచ్చేసింది.

ఎందుకు వచ్చిందో చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి.

నేను నిజామాబాదు వచ్చింది 1956లో, రాష్ట్రాలు కలిసిన ఏడాది. ఒక దినపత్రికకు జిల్లా వార్తలు పంపే పని. చెరకు ఆడించే కాలం వచ్చిందంటే నా వారంలో సగం రోజులు బోధన్‌లోనే గడిచేవి. జానకంపేట మీదుగా పోయే రైలు దిగగానే చెరకు మడ్డి వాసన ముక్కుకు తగిలేది. షక్కర్ ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా బండ్లు నిలిచి ఉండేవి. ఎడ్లను విప్పి, బండ్ల కింద రైతులు రొట్టెలు కాల్చుకునేవారు. వార్తలన్నీ ఆ బండ్ల కిందే దొరికేవి. కాలువ నీళ్ళ తగాదాలు, తూకంలో ఆలస్యాలు, పందుల నష్టం. పందుల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు రెంజల్ దారిలో ఉన్న ఆ ఇంటి సంగతి ఎత్తేవారు. "కుక్కలోళ్ళ ఇల్లు" అనేవారు.

గూన పెంకుల ఇల్లు, చుట్టూ ముళ్ళ కంచె. కంచె లోపల ఎప్పుడు చూసినా నాలుగైదు కుక్కలుండేవి. దేన్నీ కట్టేసేవారు కాదు. జాతి కుక్కలేమీ కావు, ఊళ్ళో తిరిగే కుక్కల పిల్లలే. ఏ పిల్లను తీసుకోవాలో ఆమె చూసేది. జొన్న రవ్వతో వండిన గట్క ముద్ద కాస్త దూరంగా పెట్టి పిల్లలన్నిటినీ వదిలేది. అన్నిటికంటే ముందు ముద్ద మీద పడ్డదాన్ని తీసుకునేది కాదు. తినబోతూ ఒకసారి మనిషి వైపు తిరిగి చూసిన పిల్లను ఎత్తుకునేది.

కాలువ గట్టు మీద నేర్పేవారు. గోనె సంచిలో గడ్డి కూరి, పైన పంది తోలు కుట్టి, తాడుతో లాగేవాడు ఆయన. "ఉస్కో" అంటే కుక్క దాని మీదికి పోవాలి. ఆయన పని అంతవరకే. ఆమె చాలా దూరంగా, కుక్కకు వెనక వైపు నిలబడేది. కుక్క సంచిని అందుకుని, ఇంక కరవబోతోందనగా "తో... తో..." అని పిలిచేది. ఊరి ఆడవాళ్ళందరూ కుక్కను పిలిచే పిలుపే అది. కాకపోతే ఆమె పిలుపు చివర కాస్త సాగి కిందికి దిగేది. ఆ క్షణంలో కుక్క ఉన్నది ఉన్నట్టు వదిలేసి తిరిగి రావాలి. వస్తే ఆమె చేతిలో గట్క ముద్ద. రాకపోతే దెబ్బ లేదు, తిట్టు లేదు. ఆ పూటకు పని ఆపి ఇద్దరూ గట్టు మీద ఊరికే కూర్చునేవారు. కుక్క వాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి, తానే వచ్చి కూలబడేది.

"ఒక్క దెబ్బేస్తే జల్ది నేర్సుకోదా?" అని ఒకసారి అడిగాను.

"కొట్టి పిలిస్తే భయానికొస్తది సార్," అన్నాడాయన. "భయం మర్సిన దినం రాదు."

చెరకు తోటలున్నవాళ్ళు కుక్క కోసం మోస్రా దాకా ఉన్న ఊళ్ళ నుంచి వచ్చేవారు. కుక్కను ఇవ్వడానికి ఆ దంపతులు పెట్టిన షరతు ఒకటే. ఆలుమగలు ఇద్దరూ రావాలి. వచ్చి కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉండాలి. మగవాడు పంపడం నేర్చుకోవాలి, ఆడమనిషి పిలవడం నేర్చుకోవాలి. ఒకరి పని ఒకరు చేయకూడదు. భార్య లేనివాడికి కుక్క లేదు. వదినో, తల్లో, అక్కో ఎవరో ఒక ఆడమనిషి ఇంట్లో ఉంటే ఆమెను తీసుకురమ్మనేవారు.

మోస్రా వైపు నుంచి ఒక పెద్ద రైతు ఒంటరిగా రావడం నేను చూశాను. తెల్లటి తలపాగా, చేతిలో గొడుగు.

"మీ ఆమేది పటేలా?" అంది ఆమె, వాకిట్లో చేటతో జొన్నలు చెరుగుతూ.

"ఆమెతోటి ఏం పని? కుక్క నాకు గావాలె."

"ఆమెను దోల్కరాపో."

"నా పెండ్లాం గట్టు మీద నిలబడి కుక్కను పిలుస్తదా? ఊరోళ్ళు నవ్వరా?"

"నవ్వితె నవ్వనీ. పందులు నవ్వకుంటె సాలు."

రైతుకు కోపం వచ్చింది. ఆయన వైపు తిరిగి, "ఏందయ్యా, నీ ఇంట్ల ఆడోళ్ళ మాటే సెల్తదా?" అన్నాడు.

ఆయన తాడు పేనుతూ తల ఎత్తకుండానే, "నా మాట సెల్తది పటేలా, పంపేదాంక. పంపినంక ఆమెదే," అన్నాడు.

"నేను మా ఆమె మాట ఇన్నది లేదు గని, నా కుక్క ఇనాల్నా?"

"నువ్వు ఇనకుంటివి," అంది ఆమె చేట ఎత్తి పొట్టు ఊదుతూ. "కుక్కన్న ఇంటది."

రైతు వెళ్ళిపోయాడు. పంట మీద పందులు పడ్డాక భార్యను బండి మీద ఎక్కించుకుని తిరిగి వచ్చాడు. ఆవిడ మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుక్కకు కాదు కదా తనకే వినిపించనంత చిన్నగా పిలిచిందట. తిరిగి వెళ్ళేనాటికి ఆమె పిలుపు కాలువ అవతలికి వినిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు తన పెళ్ళాం గొంతు ఇంత పెద్దదని తెలిసిందని ఆ రైతే బండ్ల దగ్గర చెప్పి నవ్వించాడు.

జనం దీన్ని ఒక తమాషాగా చెప్పుకునేవారు. ఎడమొహం పెడమొహంగా ఉన్న మొగుడూ పెళ్ళాలు కుక్క కోసమన్నా ఒకే గట్టు మీద నిలబడుతున్నారని అనేవారు. ఆ షరతు ఎందుకో ఎవరూ అడిగినట్టు లేదు. నేను అడిగాను. చాలా ఏళ్ళకు, ఒక వానాకాలం పగటిపూట, ముసురు వల్ల కదిలే వీలు లేక ఆ ఇంట్లో కూర్చుండిపోయినప్పుడు ఆయన చెప్పాడు. ఆమె పక్కనే పత్తి ఏకుతూ వింటోంది.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక దొర గడిలో వేట కుక్కలు చూసేవాడు. ఆ కుక్కలు దొర మాట వినేవి కావు, ఈయన మాటే వినేవి. పంపినా ఈయనే, పిలిచినా ఈయనే. ఒక రోజు వెట్టికి రానన్న మనిషిని గడి వాకిట్లో నిలబెట్టారు. దొర చేయి ఎత్తాడు. ఈయన "ఉస్కో" అన్నాడు.

"దొర చెయ్యి దించితె పిలుద్దామని సూసిన," అన్నాడాయన. "దించలె. పిలుపు నా నోట్లనే ఉండె సార్. ఎవలూ నా నోరు మూయలె. నేనే పిలువలె."

ఆ మనిషి బతికాడు. కుడి చేయి పనికి రాకుండా పోయింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఈ మాట భార్యకు చెబితే ఆమె చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదట. తర్వాత ఒక రోజు గడి నుంచి రెండు కుక్క పిల్లలను తెమ్మంది. "పంపిన నోరు ఆపదు. ఆపేది నా దగ్గర ఉండనీ," అందట. పోలీసు చర్య తర్వాత దొర పట్నం పోయాడు. వీళ్ళు ఆ పిల్లల పిల్లలతో చెరకు ఊళ్ళకు వచ్చారు. ఆ సంతతి పోయాక ఊరి కుక్కల పిల్లలనే తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఆయన ఏ కుక్కనూ "తో" అని పిలవలేదు. ఆమె ఏ కుక్కనూ "ఉస్కో" అనలేదు.

"ముచ్చట అయిపోయిందా?" అంది ఆమె అప్పుడు. "ఇగ లేవుండ్రి, బువ్వ తిందురు."

డెబ్భైల మొదట్లో ఆమె గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు తీసుకువెళ్ళారు. గడ్డ తీయకపోతే ప్రాణానికే ముప్పని, తీస్తే మాట పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. మాట పోయింది. ఇంటికి తిరిగి వచ్చిన రోజు కుక్కలన్నీ కంచె దగ్గర ఆమె మీద పడ్డాయి. ఆమె నోరు కదిపింది. కుక్కలు తలలు పక్కకు వాల్చి ఆమె మొహంలోకి చూశాయని ఆయన నాతో చెప్పాడు.

చప్పట్లు కొట్టి చూసింది. ఇత్తడి పళ్ళెం మీద కొట్టి చూసింది. పళ్ళెం చప్పుడుకు కుక్కలు వచ్చేవి. కానీ అన్నానికి వచ్చినట్టు వచ్చేవి, వేట మధ్యలో వదిలి వచ్చేవి కావు. పెద్ద కుక్కలకు కొత్తగా నేర్పడం కుదరదని ఇద్దరికీ తెలిసింది. పిల్లలను తెచ్చి చప్పట్లకు అలవాటు చేయాలని అనుకున్నారు. ఇంట్లో ఉన్న కుక్కల్లో దేన్నీ, వెంటే తిరిగే ఎర్ర కుక్కను కూడా, అంతవరకు దేని మీదికీ పంపకూడదని నిర్ణయించుకున్నారు. "నువ్వే పిలువరాదే, నోరున్నది గద!" అని ఇరుగుపొరుగు అంటే ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

ఆ మధ్యాహ్నం తోటకు వాళ్ళు కుక్కను పంపడానికి రాలేదు. కోతలో పందులు ఎటు తిరుగుతున్నాయో చూసి పొమ్మని యజమాని పిలిస్తే వచ్చారు. కుక్క వెంట నడిచి వచ్చింది. నేను పందుల నష్టం గురించి రాయడానికి వచ్చాను. పంది కనిపించినప్పుడు ఆమె, ఎప్పుడూ వేటలో నిలబడినట్టే, ఆయనకు ఎడమ వైపు నిలబడి ఉంది. ఆమె పక్కన ఉన్నప్పుడు పంపడం ఆయనకు ఊపిరంత అలవాటు. ఆమె పక్కన ఉండటమే, ఆమెకు మాట లేదన్న సంగతిని మరిపించింది.

కూలీని బోధన్ తీసుకువెళ్ళాం. పిక్క మీద కోర గాట్లు ఉన్నాయి. పెద్ద గాయం మాత్రం నరికిన చెరకు మోడు మీద పడినప్పుడు చీరుకున్నది. డాక్టరు కుట్లు వేసి, బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టి, కుక్కకు పిచ్చి ఉందో లేదో తేలేదాకా కట్టి ఉంచమన్నాడు. ఆ ఇంట్లో గొలుసు లేదు. ఆయన బజారుకు పోయి కొనుక్కొచ్చాడు.

కుక్క బాగానే ఉంది. అప్పుడు ఊరి పెద్దలు చావడి దగ్గర కూర్చున్నారు. కుక్కను చంపాలా, ఉంచాలా అన్నదే పంచాయితీ. కూలీని మంచం మీద మోసుకొచ్చారు. అందరూ ముకద్దం అని పిలిచే వాళ్ళ ముఠా పెద్ద పక్కన నిలబడ్డాడు. ఆమె గొలుసు పట్టుకుని కుక్క పక్కన నేల మీద కూర్చుంది.

ఏం జరిగిందో చెప్పమంటే కూలీ మరాఠీలో చెప్పాడు. "బాయీ యాయ్‌చ్యా ఆధీచ్ సోడ్లం." ఆమె రాకముందే కుక్క తనను వదిలేసిందని. వదిలి ఎదురుగా కూర్చుందట. ఎవరైనా పిలవడం విన్నావా అంటే, తన అరుపే తనకు వినిపించిందన్నాడు.

పెద్దాయన ఒకరు ఆయన వైపు తిరిగాడు. "నువ్వు పిలిసినవ్ గద. నీ మాట ఇని ఇడిసిందా? ఇన్నదంటె మాకు ఫికర్ లేదు. కుక్క నీ చేతుల ఉన్నట్టే. ఇనలేదంటె మాత్రం దాన్ని ఊర్ల ఎట్ల ఉంచుతం?"

ఒక్క మాట చాలు. అందరూ ఆయన ఆ మాట అనాలనే ఎదురు చూస్తున్నారు. తోట యజమాని, "అవునను, అవునను," అని గొణిగాడు. ముకద్దం కూడా, "హో మ్హణా, దాదా," అన్నాడు.

"నేను పిలిసిన," అన్నాడాయన. "అది బయిటికి రాలె. లోపల ఏమైందో నాకెర్క లేదు."

"అరె, కుక్క బతుకుతదంటె ఒక్క మాట అనరాదు?"

"ఇన్నదని నేనెట్లంట? రేపు ఎవడన్న నా మాట నమ్మి దాని ముంగట నిలవడితె?"

పెద్దాయన ఆమెను అడిగాడు. "అవ్వా, నువ్వు పోయేటాల్లకు కూసున్నదా?" ఆమె అవునని తల ఊపింది. "ఈయన మాటకు కూసున్నదా?" ఆమె ఔననలేదు, కాదనలేదు. భర్త మొహం వైపు చూస్తూ ఉండిపోయింది.

వెనక నుంచి ఒక పడుచువాడు, "ఇంత లొల్లెందుకు? ఇప్పుడే పంపి సూద్దం. ఈయన పిలుస్తడు. వస్తె ఉంచుదం, రాకుంటె లేదు," అన్నాడు.

బాగుందన్నట్టు కొందరు తలలు ఊపారు. ఆయన ఆ పడుచువాడి వైపు తిరిగి, "ఎవని మీదికి పంపాలె?" అని అడిగాడు.

ఆమె లేచి నిలబడింది. చేతిలోని గొలుసును పైకెత్తి అందరికీ చూపించి, దాన్ని తన మణికట్టుకు చుట్టుకుంది. ఇక ఎప్పటికీ విప్పనని దాని అర్థం. పెద్దలు తమలో తాము మాట్లాడుకుని సరేనన్నారు. తన కుక్క తన మాట వింటుందని ఆయన ఎప్పుడు పదిమంది ముందు చూపిస్తే అప్పుడు విప్పవచ్చన్నారు.

ఆ తర్వాత వాళ్ళు కొత్త కుక్క పిల్లలను తేలేదు. చప్పట్లకు నేర్పుదామని ఆమె సైగ చేస్తే, "పంపేటోడు ఉంటె గద పిలిసేది," అన్నాడట. ఆయన మళ్ళీ "ఉస్కో" అనలేదు. ఆ చలికాలమంతా ఇద్దరూ తాము కుక్కలిచ్చిన ఊళ్ళు తిరిగారు. ప్రతి ఇంట్లో మగవాణ్ణి పక్కకు పొమ్మని, ఆ ఇంటి ఆడమనిషి చేత కుక్కను పిలిపించి చూశారు. ఒక ఇంట్లో ఇల్లాలు పుట్టింటికి పోయి ఉంటే, ఆమె తిరిగి వచ్చేదాకా అరుగు మీద పడుకున్నారు. మోస్రా రైతు భార్య పిలుపు విని, ఆవిడ చేయి తట్టి ఈమె మెచ్చుకుందట.

కూలీ ముఠా మరుసటి ఏడు మా వైపు రాలేదు. చెరకు ఎక్కడ ఉంటే అక్కడికి పోయేవాళ్ళు. సరిహద్దు అవతల తెలిసిన వాళ్ళ ద్వారా నేను కబురు పెట్టాను. పిలుపు ముందా, వదలడం ముందా అని అడిగించాలని. అతని జాడ తెలియలేదు.

ఎర్ర కుక్క కంచె దగ్గర గొలుసుకు కట్టి ఉండేది. దాని చుట్టూ నేల గుండ్రంగా అరిగి నున్నబడింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె దాని పక్కనే ఏదో పని చేసుకుంటూ కనిపించేది. ఒకసారి ఆయనతో అన్నాను, పదిమందీ ఎందుకు, ముందు మీ వాకిట్లోనే గొలుసు విప్పి ఒక్కసారి పిలిచి చూస్తే తెలిసిపోతుంది కదా అని.

ఆయన కుక్క వైపు చూస్తూ అన్నాడు. "వస్తె, పంపుడు పిలుసుడు రెండు మల్ల నా నోట్లకే వచ్చినట్టు. రాకుంటె, అది మనిషిని తనంతట తనే ఇడిసినట్టు, ఆపిన నోరు ఎవలిదీ కానట్టు. ఏది ఎర్కయినా నేను ఓర్సుకోలేను సార్."

నేను జిల్లా వదిలి వెళ్ళే నాటికి కుక్కకు మూతి నెరిసింది. గొలుసు మీదే ఉంది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ రోజు చెరకులో అది ఎవరి మాట విని వదిలిందో, అసలు ఎవరి మాటైనా విన్నదో లేదో తేలలేదు.